పెదవి విరుపమ్మ చూసిన బంగారు కొండ

ఇంకా తవ్వని బంగారం మీద డబ్బు పెట్టవచ్చా, కూడదా అని తేల్చడం ఆమె ఉద్యోగం. చాలాసార్లు కూడదనే తేల్చేది. అందుకే ఆఫీసులో ఆమెకు పెదవి విరుపమ్మ అని పేరు పడింది. "గనుల వాళ్లని పొగడ్డానికి బోలెడంత మంది ఉన్నారు. నాకు జీతమిచ్చేది వంకలు పెట్టడానికే" అని నవ్వేది. రాళ్ల గురించి ఏం అడిగినా ఓపిగ్గా చెప్పే మనిషి, ఈ సంగతి మాత్రం నేను అడగ్గా అడగ్గా చెప్పింది.

ఆమె బావకు తలుపులు, కిటికీలు చేసే వర్క్‌షాపు ఉంది. అది అక్క పేరున ఉంది. దాన్ని అమ్మి ఒక బంగారు కొండలో వాటా కొనాలని బావ పట్టుబట్టాడు. చెల్లెలు చూసి సరేనంటే తప్ప సంతకం పెట్టనని అక్క మొండికేసింది.

"నువ్వేం పరీక్షలు చెయ్యక్కర్లేదు. బాగుందని ఒక్క ముక్క అను, చాలు" అన్నాడు బావ, కారులో.

"అంతోటి దానికి నేనెందుకు బావా? ఆ ముక్క మీరే అనుకోవచ్చుగా."

బావ కారు వేగం పెంచాడు.

కొండ కింద రేకుల షెడ్డు. యంత్రంతో కొండను లోతుగా గుచ్చి తీసిన గుండ్రటి రాతి కడ్డీలను పొడవాటి పెట్టెల్లో వరసగా పేర్చారు. వాటాలు అమ్మే పెద్దమనిషి అప్పటికే మరో పదిమందికి వాటిని చూపిస్తున్నాడు.

"బంగారం ఇరవై మీటర్ల మందం మేడం! మీ సర్వీసులో ఇలాంటిది చూసుండరు."

ఆమె గుడ్డ తడిపి రాళ్లు తుడిచింది. తడి తగలగానే బంగారం ఉండే తెల్లరాయి చార తేలింది. కడ్డీకి అడ్డంగా కాదు, నిలువునా. పక్క పెట్టెలోనూ అంతే. ఆ పక్కదానిలోనూ అంతే.

"ఈ చార కొండలో ఎటు వాలింది?"

"తూర్పుకి."

"మీరు గుచ్చింది ఎటు?"

"అవన్నీ టెక్నికల్ విషయాలు మేడం."

"నేనొచ్చింది వాటికే. మీ షెడ్డు అందం చూడ్డానికి కాదు."

"అడ్డుపుల్ల వెయ్యకపోతే నీకు ముద్ద దిగదా?" బావ గొంతు పెంచాడు. "బంగారం ఉందా, లేదా? అది చెప్పు."

"ఉంది. మూరెడు మందాన ఉంది. చార ఎటు వాలిందో అటే యంత్రం దించారు, అందుకే ఎంత దూరం వెళ్లినా బంగారమే తగిలింది. అడ్డంగా గుచ్చితే అసలు మందం బయటపడేది. మూరెడు చార కోసం చుట్టూ ఉన్న వట్టి రాయంతా తవ్వి పొయ్యాలి, వచ్చిన బంగారం ఆ ఖర్చుకే చాలదు. మీ షాపులో ఎవడైనా తలుపుని పైనుంచి కిందికి కొలిచి, మందం ఆరడుగులు అంటే ఏం చేస్తారు బావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బావ నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగాక చెక్కతోనే బతికినవాడికి అంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. అర్థమైపోయింది. ఆమె మీద కోపం అక్కడే ముదిరింది.

"మీరు బాగుపడ్డం మీ మరదలికి గిట్టనట్టుంది సార్" అన్నాడు పెద్దమనిషి.

"ఎప్పుడు గిట్టింది గనక?" అని బావ విసవిసా కారెక్కాడు.

ఇంటికి రాగానే జరిగింది అక్కకు రెండు ముక్కల్లో చెప్పి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. అక్క మాత్రం వంటగదిలో చెల్లెల్ని నిలదీసింది.

"పదిమందిలో ఆయన పరువు తీశావట. పక్కకి పిలిచి చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"పక్కకి పిలిస్తే వినేవారా అక్కా?"

"వినేవారు కాదు. అయినా పిలవాల్సింది."

"సంతకం పెడతావా?"

"పెట్టను. నేనేమన్నా పిచ్చిదాన్నా? ఈ ఇంట్లో ఇక నేను పడే మాటలు మాత్రం నీ చలవే. కొన్నాళ్లు ఇటు రాకు."

లోపలి నుంచి బావ అరిచాడు: "పోయిందా అది?"

"చెప్పులేసుకుంటోంది" అంది అక్క.