ఈ క్యూ దేనికండీ?

క్యూ కనబడితే చాలు, ఆంబ్రోజ్ టిట్మస్ గారు వెళ్లి దాని చివర నిలబడిపోతారు. దేనికని అడగరు. ఎక్కడికి పోతోందని చూడరు. టోపీ సర్దుకుని, ముందున్నవాళ్ల వీపుకి ఓ "గుడ్ మార్నింగ్" చెప్పి, ఇక కదలమన్నా కదలరు. లండన్ తూర్పు పేటలో ఆయనకి చుట్టరికపు వరుస ఎవరితోనూ లేదు గానీ, ఆయన నిలబడని వరుస మాత్రం లేదు.

ఒకసారి అలా నిలబడి నిలబడి లోపలికి వెళితే అది పళ్ల డాక్టరు గది! రాయిలాంటి పన్ను పీకించుకుని బయటికొచ్చారు.

"అదేమిటండీ, నాకేం నొప్పి లేదని చెప్పొచ్చు కదా!" అన్నారు జనం.

"అంతసేపు నిలబడ్డాక ఏమీ లేదంటే డాక్టరు గారి మనసు నొచ్చుకోదూ?" అన్నారాయన, బుగ్గ పట్టుకుని.

ఇంకోసారి ఎవరో ముక్కూమొహం తెలియని ముసలమ్మ శవపేటిక ముందు తేలారు. తేలినవారు ఊరుకున్నారా? అందరికన్నా ఎక్కువ ఏడ్చి, ఆవిడ చెల్లెలు పెట్టిన కేకు తిని మరీ వచ్చారు.

వీధి వీధంతా పడీపడీ నవ్వేది. నవ్వు రానిది ఒక్క గిటెల్ లెవిన్‌కే. భర్త పోయాక రొట్టెల షాపు ఒంటిచేత్తో నడుపుకొస్తున్న యూదు మనిషి. ఆవిడ చేసే బేగెళ్లు, అదే, నడుమ చిల్లు ఉండే ఆ గుండ్రటి రొట్టెలు, పొయ్యిలోంచి తీస్తుంటే వీధి చివరిదాకా వాసన ఘుమాయించేది.

గిటెల్ షాపుకి ఎదురుగా సిరిల్ స్నెల్ అనే ఆయన గిన్నెలూ మేకులూ అమ్మేవాడు. అమ్మేవాడంటే ఊరికే మాటవరసకి. ఆ షాపులో ఈగలు తప్ప ఎవరూ అడుగుపెట్టేవారు కాదు. అలాంటివాడు ఒకరోజు ఉన్నట్టుండి ఫాసిస్టు పార్టీవాళ్ల నల్లచొక్కా తొడుక్కుని, డోలు వాయించేవాడితో సహా ఓ పది మంది కుర్రాళ్లని వెంటేసుకుని వీధిలోకి వచ్చాడు. అబ్బో, ఏం నడక! ఏం వేషం! ఖాళీ సబ్బుపెట్టె ఒకటి బోర్లించి, దానిమీదెక్కి, "మన దరిద్రానికంతటికీ యూదులే కారణం! వాళ్ల షాపుల్లో కొనకండి!" అని గొంతు చించుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది చేపలమ్మే డాలీ క్రంప్.

మర్నాడు గిటెల్ షాపు ముందు పిట్ట లేదు. పొయ్యి మండుతోంది, బేగెళ్లు ఎండిపోతున్నాయి. ఇలా ఓ నెల సాగితే షాపుకి తాళమే. అంతలో గుమ్మం బయట టిట్మస్ గారు, ఒక్కరే, కదలకుండా నిలబడి కనిపించారు.

"లోపలికి రండి, అక్కడ నిలబడ్డారేం?"

"క్యూ కదమ్మా."

"మీరొక్కరే ఉన్నారు కదండీ!"

"ఏ క్యూ అయినా ఒకరితోనే మొదలవ్వాలిగా."

గిటెల్ తల కొట్టుకుని పొయ్యి దగ్గరికి పోయింది. కాసేపటికి తిరిగొచ్చి చూస్తే గుమ్మంలో జనం! 'నా చేతి రుచి మరి, ఎన్నాళ్లని ఉండగలరు?' అని మురిసిపోయింది. ఆ మురిపెం పాడు చెయ్యడానికే అన్నట్టు టిట్మస్ గారు లోపలిదాకా వచ్చి, నుదురు కొట్టుకుని, "అయ్యో, ఏం కావాలో మరిచిపోయానమ్మా!" అని మళ్లీ చివరికి పోయి నిలబడేవారు. రోజూ ఇదే తంతు. ఆవిడకి ఒళ్లు మండిపోయేది.

"రెండేళ్లయింది, ఒక్క బేగెల్ కొన్న పాపాన పోలేదు! మీ మతిమరుపు మండా!"

"రేపు గుర్తుంచుకుంటానమ్మా."

అలా ఉండగా పంతొమ్మిది వందల ముప్ఫై ఆరులో ఆ అక్టోబరు వచ్చింది. కేబుల్ వీధిలో జనం అడ్డం పడి నల్లచొక్కాల పెద్ద ఊరేగింపును సాగనివ్వలేదు. ఆ ఉక్రోషమంతా తీర్చుకోవడానికి తరవాతి ఆదివారం స్నెల్ తన కుర్రాళ్లని వెంటేసుకుని, చేతిలో ఇటుకతో గిటెల్ షాపు మీదికి వచ్చాడు. గిటెల్ షాపు అద్దం వైపు చూసింది. అద్దం మీద భర్త పేరుంది, ఆయన బతికుండగా రాయించుకున్నది.

అద్దానికి అడ్డంగా క్యూ ఉంది. క్యూ మొదట్లో టిట్మస్ గారున్నారు.

"తప్పుకో తాతా! ఆ అద్దం పగలగొట్టాలి!"

"అలాగే బాబూ. కాకపోతే నేను ముందొచ్చాను. నా వెనక డాలీ గారు. నువ్వు చివరికెళ్లి నిలబడితే..."

"నేను రొట్టెకి రాలేదయ్యా!" అంటూ స్నెల్ భుజంతో నెట్టుకుని ముందుకి దూరాడు.

అంతే! ఆ పేటలో ఏ తప్పుకైనా మాఫీ ఉంది గానీ, క్యూలో దూరితే లేదు. క్యూ మొత్తం భగ్గుమంది. వాడు యూదుల్ని తిడితే చప్పట్లు కొట్టిన డాలీయే నడుం మీద చేతులేసుకుంది.

"ఏయ్ సిరిలూ! క్యూలో దూరతావా? సిగ్గులేదూ? మీ అమ్మ నీకు నేర్పింది ఇదేనా?"

"నేను ఇటుక విసరడానికొచ్చాను!"

"అయితే? ఇటుక విసిరేవాళ్లకి వేరే క్యూ ఉందా ఏమిటి? వెనక్కి నడు!"

కుర్రాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. డోలు వాయించేవాడు ముందుగా నోరెత్తకుండా వెళ్లి చివర నిలబడ్డాడు. వాడి వెనక ఒక్కొక్కరే చేరారు. చివరికి స్నెల్ కూడా! టిట్మస్ గారు లోపలికొచ్చి, ఏం కావాలో మరిచిపోయి, వెళ్లి స్నెల్ వెనక నిలబడి, "ఇవాళ క్యూ బాగా కదులుతోంది కదూ?" అన్నారు.

వేడి బేగెళ్ల వాసన ముక్కుపుటాలకి తగులుతోంది. డోలువాడు నాలుగు కొన్నాడు. స్నెల్ వంతు వచ్చింది.

"ఏం కావాలి?" అంది గిటెల్. కళ్లు దించలేదు.

స్నెల్ తన చేతిలోని ఇటుక వైపు చూసుకున్నాడు.

"త్వరగా చెప్పు నాయనా, వెనక జనం ఉన్నారు," అన్నారు టిట్మస్ గారు.

"...ఒకటివ్వండి."

కాలిపోతున్న బేగెల్‌ని ఒంటిచేత్తో ఎలా పట్టుకుంటాడు? ఇటుక బల్ల మీద పెట్టాడు. మరిచిపోయి వెళ్లిపోయాడు. ఇప్పటికీ గిటెల్ షాపు తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపుతున్నది అదే.

ఆ దెబ్బతో ఆ వీధిలో నల్లచొక్కాల పని అయిపోయింది. స్నెల్ సబ్బుపెట్టె ఎక్కితే చాలు, "క్యూలో రా సిరిలూ!" అని నలుమూలల నుంచీ కేకలే. కొత్త సంవత్సరంలో చట్టం ఆ చొక్కాలను నిషేధించేసరికి అక్కడ విప్పడానికి చొక్కా ఒక్కటే మిగిలింది, అదీ స్నెల్‌దే.

కొన్నాళ్లకి ఒక పొద్దున్న గిటెల్ షాపు కిటకిటలాడుతోంది, టిట్మస్ గారు మాత్రం లేరు. పీడా పోయిందనుకుని బయటికి తొంగిచూసింది. ఎదురుగా స్నెల్ షాపు ముందు నిలబడి ఉన్నారు. ఒక్కరే, కదలకుండా.

గిటెల్‌కి అప్పుడు వెలిగింది. తన షాపు ముందు పిట్ట లేని ఆ మొదటి రోజు నుంచీ అంతా కళ్లముందు కదిలింది. ఆయన నిలబడ్డాకే కదా జనం చేరింది! గబగబా ఓ బేగెల్ పట్టుకుని రోడ్డు దాటింది.

"ఇన్నాళ్లూ నా గుమ్మంలో మీరు చేసింది ఇదా! చెప్పొచ్చు కదయ్యా! అయినా వీడికా? వీడికి కూడానా?"

"షాపు ఖాళీగా ఉంటే మనిషికి పిచ్చి ఆలోచనలొస్తాయమ్మా," అన్నారు టిట్మస్ గారు నెమ్మదిగా. "ఓసారి వచ్చాయిగా, చూశాం."

"మీరు నిలబడండి. నేను మాత్రం చచ్చినా నిలబడను!"

"వద్దులే అమ్మా. ఈ బేగెల్ కూర్చుని తినొస్తాను, అంతదాకా నా చోటు కాస్త చూస్తావా?"

చోటు చూడమంటే ఆ పేటలో కాదనే మనిషి పుట్టలేదు. గిటెల్ చేతులు కట్టుకుని, మొహం గంటు పెట్టుకుని నిలబడింది. లోపల్నుంచి స్నెల్ చూసి, మేకుల డబ్బా వెనక మొహం దాచుకున్నాడు.

అంతలో ఎవరో దారినపోయే ఆవిడ సంచీతో వచ్చి గిటెల్ వెనక నిలబడింది.

"ఈ క్యూ దేనికండీ?"

గిటెల్ నుదురు కొట్టుకుంది.

"అయ్యో," అంది, "మరిచిపోయానమ్మా!"