ఇంట్లో ఒక బీపీ, దవాఖానలో ఒక బీపీ

అమ్మ బాత్రూం ముందు కళ్లు తిరిగి పడిపోవడం ఆ నెలలో రెండోసారి. ఎముక విరగలేదు, మోచేయి కమిలింది. ఈసారి తలకు తగిలితే ఏమిటన్న భయంతో సెలవు పెట్టి, ఆమెతో మా బస్తీ దవాఖానకు వెళ్లాను. దాన్ని నడిపేది ఒక నర్సు. డాక్టర్ వీడియోకాల్‌లో వస్తాడు. నర్సు చెప్పిన అంకెను బట్టి, అంతకుముందు నెల ఆయన బీపీ మందు డోసు పెంచాడు.

ఇంట్లో నేను ఎప్పుడు చూసినా అమ్మ బీపీ తక్కువే. దవాఖానలో మాత్రం ప్రతినెలా ఎక్కువ. అంటే రెండు మిషన్లలో ఒకటి తప్పు. అది నాది కాదని నా నమ్మకం.

నర్సు పట్టీ చుట్టి చూసింది. నూట డెబ్బై ఎనిమిది.

"మళ్ల పెరిగింది తమ్మీ. సార్ ఇంకో గోలీ రాస్తడు."

"ఉన్న గోలీలకే పడిపోతాంది సిస్టర్. ఇంట్ల నా మిషన్ల తక్కువనే వస్తాంది. మీ మిషన్ ఎప్పుడు చెక్ చేయించిండ్రు?"

"నీదెక్కడిది? ఆన్‌లైన్ల ఆఫర్ల కొన్నదా?"

వెనక బెంచీ మీద ఎవరో నవ్వారు. నేను సంచిలోంచి నా మిషన్ తీశాను. అదే చేయి, కాస్త విరామం, పాదాలు నేలకు ఆనించి, మాటలు లేకుండా. ఆ చివరిదే కష్టమైంది. నూట డెబ్బై ఆరు వచ్చింది.

రెండు మిషన్లూ సరైనవే. నాకు ఒళ్లు మండింది. ఇక మిగిలింది అమ్మే.

"పొద్దున గోలీ ఏస్కున్నవా?"

"దవాఖానకు వొచ్చేటప్పుడు ఎందుకేస్కుంట? మొన్నటిసంది బంద్ వెట్టిన."

నర్సు చేతిలో పెన్ను ఆగింది. "ప్రతినెలా గిట్లనేనా?"

"గంతే గద బిడ్డా. మందు మింగి వొస్తే రోగం లోపట దాక్కుంటది. నీకెట్ల కనవడాలె?"

"నా ఖర్మ!" నర్సు నుదురు కొట్టుకుంది. "గోలీ పనిజేస్తాందా లేదా చూసేదానికే గదమ్మా రమ్మనేది!"

"మరి ముందుగాల్నే చెప్పాలె."

నర్సు నా వంక చూసింది. నేను ఆమె వంక చూశాను.

డాక్టర్ తెర మీదికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక మాట తెగింది, మళ్లీ కలిపారు. నర్సు అంతా చెప్పాక, పెంచకముందున్న పాత డోసే వాడాలని, దవాఖానకు వచ్చే రోజు కూడా మానకూడదని చెప్పాడు.

ఇంటికి వెళ్తూ ఎక్కిన హనుమకొండ షేర్ ఆటోలో అమ్మ నాతో మాట్లాడలేదు. పక్కనామె ఏమైందక్కా అనడమే ఆలస్యం.

"ఏంజెప్పాలె చెల్లే, మంచి పెద్ద గోలీ ఇచ్చేటోళ్లు. వీడొచ్చి లొల్లి వెట్టి చిన్నది చేయిచ్చిండు."

"సదువుకున్న పోరగాండ్లు గంతే అక్కా," అందామె.

అప్పటి నుంచి అమ్మ పడలేదు. అయినా దవాఖానకు పోయే రోజుల్లో గోలీ చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడుతున్నాను. నోరు తెరిచి చూపించి మరీ అంటుంది: "చూస్కో, పోలీసోడా."