‘అందరికన్నా’ అనని వాడ

మొన్న నా మనవరాలు ఒక కాఫీ కప్పు తెచ్చి చేతిలో పెట్టింది. ప్రపంచంలోకెల్లా గొప్ప నానమ్మ అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది. దుకాణంలో అలాంటివి వరసగా పేర్చి ఉంటాయట, ఎవరి నానమ్మకు కావాలంటే వాళ్లు కొనుక్కోవచ్చట! నేను మురిసిపోతూనే, ఎవరైనా చదివారేమోనని గుమ్మం వైపు చూశాను. ఎనభై దగ్గరపడినా ఆ అలవాటు పోలేదు. మా వాడలో పెరిగిన వాళ్లెవరికీ పోదు.

చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున మా ఊరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను ఆరో తరగతి. మాకు ఇంగ్లీషు చెప్పే సార్ చదువంతా ఉర్దూలో సాగింది. మాకన్నా ఒక్క పాఠం ముందు తను నేర్చుకొని వచ్చి చెప్పేవారు, ఆ సంగతి దాచుకునేవారు కూడా కాదు. విశేషణాలకు మూడు మెట్లుంటాయని చెప్పిన రోజు మాత్రం ఆయన ముఖం వెలిగిపోయింది. "అరే, గిది మనకు ఎరుకైనదే! ఉర్దూల బెహ్, బెహ్తర్, బెహ్తరీన్ అంటలేమా? గట్లనే బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్" అన్నారు. వారం తిరిగేసరికి మేం కనబడినదాన్నల్లా మూడు మెట్లూ ఎక్కించడం మొదలుపెట్టాం. బర్రెను, బండిని, చివరికి పక్కింటి తాత ముక్కును కూడా వదల్లేదు.

చిక్కు మా ఇంట్లోనే వచ్చింది. మా అవ్వ, అంటే కన్నతల్లి, రొట్టెలు చేస్తూ నా చదువు విని అర్థం అడిగింది. మన తమ్ముడు వాడలో అందరికన్నా బలమైనవాడు అని చెప్పాను. మూడో నాడు తమ్ముడికి జ్వరం వచ్చింది. ఇంకేముంది, అవ్వ నలుగురు అమ్మలక్కలను వెంటేసుకొని బడికి నడిచింది. "సారూ, పెద్దది, ఇంక పెద్దది, గంతవరకు చెప్పుండ్రి. గా మూడోది మాత్రం మా పోరగాండ్ల మీద అననియ్యకుండ్రి. దిష్టి తగుల్తది" అంది. సార్ వాదించలేదు, ఆయనకూ చిన్నపిల్లలున్నారు. ఆ తరువాత మా బడిలో మూడో మెట్టు మీదికి హిమాలయాలు, ఏనుగు, కుతుబ్ మినార్ మాత్రమే ఎక్కాయి.

ఆ చలికాలం ఇన్‌స్పెక్టర్ గారు తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. పిల్లలు ఇంగ్లీషులో తేలిపోతే సార్‌ను బోథ్ అవతలి అడవి బడికి పంపిస్తామని పైవాళ్లు ముందే హెచ్చరించి ఉన్నారు. సార్ తల్లి మంచం దిగలేని మనిషి. బండిలో అంత దూరం తీసుకుపోతే ఆమె బతకదని ఊరంతటికీ తెలుసు.

ఇన్‌స్పెక్టర్ గారు కోస్తా నుంచి వచ్చినవారు, మెత్తని మనిషే. పుస్తకం మూసి, "ఈ క్లాసులో అందరికన్నా తెలివైనవాళ్లెవరు? ఇంగ్లీషులో చెప్పండి" అన్నారు. ముప్పై మందిమి నోళ్లు మూసుకున్నాం. జవాబు అందరికీ తెలుసు, ముందు వరసలో కూర్చునే కుమ్మరివాళ్ల అబ్బాయి. కానీ వాడి పేరెత్తి వాడికి దిష్టి తగిలించేదెవరు? ఆయన మరోసారి అడిగి, కలం మూత తీశారు. సార్ గోడ వైపు తిరిగారు. మంచం మీది ఆయన తల్లి నాకు గుర్తొచ్చింది. ఇంకొకరి మీద అనకూడదు గానీ, నా మీద నేను అనుకుంటే ఎవరికి నష్టం? లేచి నిలబడి, "ఐ యామ్ ది క్లెవరెస్ట్" అన్నాను. సొంత డప్పు అంత గట్టిగా నేను మళ్లీ ఎప్పుడూ కొట్టుకోలేదు. క్షణం ఆగి వెనక నుంచి ఇంకో గొంతు, "ఐ యామ్ ది టాలెస్ట్!" ఇంకొకడు తనే అందరికన్నా బలమైనవాణ్ణన్నాడు, ఇంకొకత్తె తనే అందరికన్నా నలుపన్నది. కుమ్మరి అబ్బాయి చివరగా లేచి తను అందరికన్నా పొట్టి అన్నాడు. ఇన్‌స్పెక్టర్ గారు కళ్లజోడు తీసి నవ్వారు. "పిల్లలకు ధైర్యం బాగా నేర్పారు మాస్టారూ" అంటూ రాసుకొని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం వాడ వాడంతా ఎండుమిరపకాయల ఘాటే, ఏ ఇంట్లో చూసినా దిష్టి తీయడమే. అవ్వ నా చుట్టూ ఉప్పు తిప్పుతూ, "నీకు భయం కాలేదా బిడ్డా?" అని అడిగింది. "సార్ పోతడని అయింది" అన్నాను. ఆమె నా తల నిమిరింది.

సార్‌కు బదిలీ రాలేదు. ఆయన తల్లి ఇంకో మూడేళ్లు తన ఇంట్లో, తన మంచం మీదే బతికింది. ముప్పై మంది పిల్లలం కలిసి ఒక ముసలామెకు మూడేళ్ల కాలం సంపాదించి పెట్టాం. తరువాత బతుకులో నేను చాలానే సంపాదించాను గానీ, అంత విలువైన కాలం మళ్లీ సంపాదించలేదు.