రెండు రోజుల పొగ, మా దర్జీ మామ

దర్జీ మామ పోయాడని శుక్రవారం పొద్దున ఫోను వచ్చింది. ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సు బయలుదేరబోతూ ఉంది, నేను టిక్కెట్లు కొడుతున్నాను. తెల్లవారి నమాజుకని అత్త లేపితే లేవలేదట. నిద్రలోనే పోయాడు. మంచి చావే అన్నారు విన్నవాళ్ళు.

నిజం చెబుతున్నాను, నాకు ముందుగా దుఃఖం రాలేదు. "చెప్పకుండానే పోనిచ్చానే" అనిపించింది. మామకు నేను చెప్పవలసిన మాట ఒకటి ఇరవై ఏళ్ళకు పైగా నా నోట్లోనే ఉండిపోయింది. పండగ పోయాక చెబుదాం, ఎండలు తగ్గాక చెబుదాం అని జరుపుకుంటూ వచ్చాను. ఆ మాటేమిటో మీకు తెలియాలంటే ముందు మామ ఎవరో తెలియాలి.

ఆయన నాకు మేనమామ కాదు. జమ్మలమడుగు బజారులో మా ఇంటికి ఎదురుగా ఆయన అంగడి. వాళ్ళు ముస్లింలు, మాది గొర్లు మేపుకొని బతికిన ఇల్లు. మా నాయన ఆయన్ను బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ, ఆయన భార్య అత్త. ఊళ్ళో చొక్కా తొడిగే ప్రతివాడి కొలతా ఆయనకు నోటికి వచ్చు. ఎన్నికలొస్తే రెండు పార్టీల జెండాలూ, కండువాలూ ఆయనే కుట్టేవాడు. ఆ రోజుల్లో ఒక పార్టీ మనిషి ఇంకో పార్టీ వాళ్ళ హోటల్లో టీ తాగేవాడు కాదు, వాళ్ళ మంగలి దగ్గర గడ్డం గీయించుకొనేవాడు కాదు. గొంతు మీద కత్తి పెట్టేవాడు ఎవరి మనిషో చూసుకోవాలి కదా. అలాంటి ఊళ్ళో దర్జీ మాత్రం ఇద్దరికీ ఒక్కడే. పొద్దున వీళ్ళ గుడ్డ, మధ్యాహ్నం వాళ్ళ గుడ్డ. మిగిలిన పీలికలన్నీ కలిపి దిండ్లలో కూరేవాడు. "ఈ దిండు మింద పండుకుంటే రెండు పార్టీలూ నీ తల కిందనే ఉంటాయబ్బీ" అనేవాడు.

కొందరు చొక్కాలు నడుము దగ్గర బాగా లూజుగా కుట్టమనేవారు. లోపల ఏం దోపుకోవడానికో అందరికీ తెలుసు. మామ ఎందుకని అడిగేవాడు కాదు, "ఎంత పొడుగుంటాది?" అని మాత్రం అడిగేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆయన నవ్వేవాడు కాదు. ఒకసారి నేనూ అలాంటి చొక్కా కుట్టమని పోయాను. అప్పటికి డిగ్రీ అయిపోయి, పని లేక, పార్టీ ఆఫీసు బెంచీ అరగదీస్తూ ఉన్నాను. మామ టేపు మెడలో వేసుకొని నన్ను ఎగాదిగా చూశాడు.

"నీ కొలత నాకు తెలుసులే. నీకు లూజు చొక్కా పనికి రాదు, పో" అన్నాడు.

అంగట్లో నలుగురు ఉన్నారు. నలుగురూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ తరువాత కొన్నాళ్ళకే ఓట్ల లెక్కింపు. మా పార్టీ గెలిచింది. పదివేల టపాకాయల సరాలు జీపు నిండా తెచ్చాం. మా బజారు సన్నం, రెండు వైపులా మిద్దెలు. మన జెండా కుట్టిన చెయ్యి గదా, మామ అంగడి ముందు కాలిస్తే ఆయనకు మర్యాదగా ఉంటుందని మా వాళ్ళన్నారు. వాళ్ళకది మర్యాదే. సరం పరిచిందీ, నిప్పు పెట్టిందీ మాత్రం నేను. నాకు ఆ నలుగురి నవ్వు మనసులోంచి పోలేదు. పరిచిన ప్రతిసారీ సరం కొసను కాలితో మామ గడప మీదికి జరిపాను. చెప్పవలసిన మాట ఇదే.

ఆ సాయంత్రమంతా కాల్చాం, మర్నాడంతా కాల్చాం. మధ్యలో పాత టైర్లు తెచ్చి తగలబెట్టాం. గాలి ఆడలేదు. పొగ మిద్దెల మధ్య ఇరుక్కొని ఎక్కడికీ పోలేదు, ఎదురింటి తలుపు కనపడలేదంటే నమ్మండి. మా వైపు నాపరాళ్ళ దుమ్ము, సిమెంటు దుమ్ము ఎప్పుడూ ఉండేవే. దుమ్ముకు అలవాటుపడిన ఊపిరితిత్తులు మావని గొప్పలు కూడా చెప్పుకొనేవాళ్ళం. మామకు బీపీ ఉందని తెలుసు, ఆ సంగతికీ పొగకూ ముడి ఉంటుందని ఎవరికి తెలుసు? ఆయన ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని మిషను తొక్కుతూనే ఉన్నాడు, పెళ్ళివాళ్ళ చొక్కాలు ఇవ్వాల్సి ఉంది. "రెండు దినాల పొగే గదా, పోతాదిలే" అన్నాడట అత్తతో.

మూడో రోజు పొద్దున గుడ్డ కత్తిరిస్తూ ఉంటే కత్తెర చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోయి అలాగే పక్కకు ఒరిగిపోయాడు. అత్త కేకకు నేను పరుగెత్తేసరికి మూతి ఒక పక్కకు పోయింది, కుడి చెయ్యి చచ్చుబడింది. బజారు చివర ప్రొద్దుటూరు బస్సు నిలబడి ఉంది.

"బస్సు ఉండాది, ఎక్కిద్దాం రాబ్బీ" అంది అత్త.

"మన జీపుండగా బస్సేంది అత్తా. పండబెట్టుకొని పోదాం" అన్నాను.

జీపు మా పార్టీది, బానెట్టు మీద జెండా ఉంది. ప్రొద్దుటూరికి నేరుగా పోయే దారిలో అవతలి పార్టీ ఊరు ఒకటి తగులుతుంది. గెలిచిన రోజు ఆ ఊళ్ళో మేం చేయకూడని అల్లరి చేసి వచ్చాం. జమ్మలమడుగు దాటకముందే డ్రైవరు బండి ఆపాడు.

"ఈ దావన పోతే మళ్ళా తిరిగి రాము. ముద్దనూరు మింద సుట్టుకోని పోదాం" అన్నాడు.

మామ తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న అత్త అంది: "ఆ జెండా పీకేసి నేరుగా పోండబ్బీ. అది కుట్టిందే ఈయప్ప గదా. ఈయన్ని చూస్తే ఎవురు ఆపుతారు?"

డ్రైవరు నా వైపు చూశాడు. పీకెయ్ అనే మాట నేను అనాలి. అనలేదు. భయమని చెప్పుకోను, ఒట్టి భయమే అయితే జెండా పీకి ఉండేవాళ్ళం. గెలిచిన మూడో రోజున జెండా దించుకొని దొంగల్లాగా వాళ్ళ ఊరు దాటడమా అన్న పౌరుషం. ఈ పౌరుషానికి మా వైపు ఎన్ని ఇళ్ళు పోయాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. ముద్దనూరు, ఎర్రగుంట్ల చుట్టుకొని పోయాం. దారిలో మామ ఎడమ చేత్తో బానెట్టు వైపు చూపిస్తూ ఏదో అనబోయాడు, మాట రాలేదు.

"మెదడుకు పోయే రక్తనాళం మూసుకుపోయింది" అన్నాడు ఆసుపత్రి డాక్టరు. "జమ్మలమడుగు నుంచే గదా, ఇంతసేపు ఎందుకు పట్టింది?"



నెలలు గడిచాక మూతి సర్దుకుంది, మాట నెమ్మదిగా తిరిగి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. దర్జీకి కుడి చెయ్యి లేకపోతే ఏముంటుంది చెప్పండి. మామ మాత్రం ఆరు నెలలకు అంగడి తెరిచాడు. ఎడమ చేతికి మామూలు కత్తెర మాట వినదు. పులివెందులలో ఎడమచేతి వాటం దర్జీ ఒకాయన ఉండేవాడని తెలిసి, పోయి బతిమాలి ఆయన పాత కత్తెర తెచ్చాను. అత్త మిషను తొక్కేది. మామ గుడ్డ కత్తిరించి, అంచుల మీద బరువు పెట్టుకొని ఒంటిచేత్తో కాజాలూ గుండీలూ కుట్టేవాడు. ఒక్క పని మాత్రం ఒంటిచేత్తో కాదు, సూదిలో దారం ఎక్కించడం. అత్తకు సూది బెజ్జం ఆనదు. అందుకని నేను రోజూ పొద్దున పోయి పన్నెండు సూదులకు దారం ఎక్కించి దూది మెత్త మీద గుచ్చి వచ్చేవాణ్ణి.

"మూరకంటే పొడుగు పెట్టొద్దబ్బీ, చిక్కు పడతాది" అనేవాడు. పన్నెండో సూది అయ్యేదాకా బజారు కబుర్లన్నీ అడిగేవాడు. పార్టీ కబుర్లు మాత్రం అడిగేవాడు కాదు. సూదులతో మొదలై అక్కడే టీ, అక్కడే టిఫిను. పార్టీ ఆఫీసుకు పోవడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తు లేదు. తరువాత కండక్టరు ఉద్యోగం వచ్చింది. నాకు వేసిన దారి చూడండి, జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరికి. ఇన్నేళ్ళుగా రోజుకు ఎన్నోసార్లు ఆ అవతలి పార్టీ ఊరి మీదుగా పోతున్నాను. ఊరు దాటడానికి బస్సుకు రెండు నిమిషాలు చాలు. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు దిగుతారు, "ఏమప్పా, బాగుండావా" అంటారు.

ఒకసారి మామను బీపీ చూపించడానికి తీసుకుపోయి, ఆయన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి డాక్టరును అడిగాను. ఒకట్రెండు రోజుల పొగకే పక్షవాతం వస్తుందా అని.

"పొగ, సన్నటి దుమ్ము బాగా పెరిగిన రోజున, ఆ తరువాత ఒకట్రెండు రోజుల్లో ఆ ప్రమాదం పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్ళకు ఇంకా ఎక్కువ" అన్నాడాయన. "అయితే ఫలానా మనిషికి ఫలానా పొగవల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు."

ఆ రెండో మాట పట్టుకొని బతికిపోదామని చాలా ప్రయత్నించాను. మొదటి మాట వదలలేదు. బయటికి వచ్చి డాక్టరు చెప్పింది మామకు చెప్పాను, నేను గడప దగ్గర చేసింది చెప్పలేదు.

మామ డాక్టరు మాట మనసులో పెట్టుకున్నాడు. తరువాతి ఎన్నికలకు జెండాల కోసం వచ్చిన రెండు పార్టీల వాళ్ళకూ ఒకటే షరతు పెట్టాడు. "టపాకాయలు ఊరి బయట బయల్లో కాల్చుకుంటే కుట్టిస్తా. బజార్లో కాలిస్తే ఇంకోన్ని చూసుకోండి. ఈడ ముసిలోళ్ళు శానామంది ఉండారు." ముందుగా ఒప్పుకున్నది మేం అల్లరి చేసిన ఆ ఊరి పెద్దాయన. మా వాళ్ళే మొండికేశారు. నేను పోయి ఒకరోజంతా తగవు పడితే సరేనన్నారు. ఆ ఏడు మాట నిలబెట్టుకున్నారు. ఆ పైసారి సగం మంది బజార్లోనే కాల్చారు. మామ వాళ్ళ గుడ్డ మడిచి వెనక్కి పంపాడు, అంతే.

శుక్రవారం నేను పోయేసరికి ఇంటి ముందు జనం. అత్త లోపలి గుమ్మం దగ్గర కూర్చొని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగింది. ఇంక ఎవరికి చెప్పాలి? అక్కడే కూలబడి ఆమెకే చెప్పేశాను. సరం సంగతి, చొక్కా సంగతి, గడప సంగతి.

"తెలుసబ్బీ" అంది అత్త. "నువ్వు కాలితో జరుపుతాంటే చూసినాడు. ఒగసారి గాదు, అన్నిసార్లూ."

నేను తలెత్తి ఆమె వైపు చూశాను.

"మాటొచ్చినాంక నాకు చెప్పినాడు. అడుగుదామా అంటే వద్దన్యాడు. 'అడిగితే వాడు ఒగ పొద్దు ఏడ్సి, కాళ్ళు పట్టుకోని, మళ్ళా పార్టీ ఆఫీసుకే పోతాడు. అడక్కపోతే దినామూ ఈడికే వస్తాడు. రానీ' అన్యాడు."

ఇంత కాలం ఆయనకు నేను సాయం చేస్తున్నానని అనుకున్నాను. ఆపుకోలేని ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

ముంగిట్లో మసీదు ఇమాము మామకు చుట్టే తెల్లగుడ్డ విప్పుతున్నాడు. కఫన్‌కు కుట్టు ఉండదు, కొలిచి చేత్తో చించడమే. "ఇద్దరు రండప్పా, కొసలు పట్టుకోండి" అన్నాడు. నేను లేచి పోయి ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస పట్టుకోవడానికి వచ్చింది అవతలి పార్టీ ఊరి పెద్దాయన. "బిగబట్టబ్బీ, కిందికి జారతాది" అన్నాడు నాతో. ఆయన అటు లాగి, నేను ఇటు లాగి, మామకు చాలినంత పొడుగున ఆ తెల్లగుడ్డ నేలకు తగలకుండా పట్టుకొని నిలబడ్డాం.