అమ్మ దగ్గరికి దారి కోసిన రంపం

మొన్న పావగడ నుంచి తిరిగి వస్తూ, సోలార్ పార్కు కంచె పక్కన బస్సు కోసం నిలబడి ఉండగా, లోపల పలకల కింద గడ్డి కోస్తున్న చిన్న మిషను పొగ గాలికి ఇటువైపు వచ్చింది. పెట్రోలులో ఆయిలు కలిసి కాలిన ఆ వాసన తగిలాక నేను ఏ లోకంలో ఉన్నానో ఏమో, వచ్చిన బస్సు వచ్చినట్టే వెళ్ళిపోయింది. ఇంట్లో చెబితే నవ్వుతారు గానీ మన ఈడు వాళ్ళకు అర్థమవుతుంది. కొందరికి మల్లెపూల వాసనకు పాత రోజులు గుర్తొస్తాయి, నాకేమో ఇంజను పొగకు వస్తాయి.

కర్ణాటక సరిహద్దులోని వై.ఎన్.హొసకోటలో చాలా ఏళ్ళు ఆయిలింజన్లు బాగుచేసి బతికినవాణ్ణి నేను. బావుల్లో నీళ్ళున్నంత కాలం నా చేతుల మసి వదల్లేదు. తర్వాత బావులు ఎండాయి, బోర్లూ ఎండాయి, ఇంజన్లు పాత ఇనుము కింద వెళ్ళిపోయాయి, నేను మోపెడ్ల కార్బొరేటర్లు కడుగుతూ కూర్చున్నాను. మా అక్కను ఇచ్చిన ఊళ్ళోనూ అదే కథ. వాళ్ళ చేను బీడు పడి, బీట్లో జాలి కంప, అదే సర్కారు తుమ్మ, మొలిచి, అది పెరిగి పెరిగి మేక కూడా దూరలేని అడవి అయింది. ఆ అడవిలో ఎక్కడో మా అమ్మ సమాధి ఉంది. చివరి రోజులు అక్క దగ్గరే గడిపింది కాబట్టి అమ్మను ఆ చేన్లోనే పూడ్చి, తలాపున ఒక బండ నిలబెట్టాము. ఏటా పెద్దల అమావాస్యకు ఆ బండకు పసుపూ కుంకుమా పెట్టి, కొత్త చీర చూపించి, వండినవి పెట్టి వచ్చేవాళ్ళం. కంప మూసుకుపోయాక గట్టు మీదే నిలబడి అటు తిరిగి దండం పెట్టుకోవడం అలవాటైంది. అలవాటైందని నేను అంటున్నాను గానీ, అక్కకు ఏనాడూ కాలేదు.

సోలార్ పార్కు వచ్చిన కొత్తలో అందరిలాగే అక్కావాళ్ళూ చేను లీజుకిచ్చారు. చదును చేసే మిషన్లు మరుసటి వారం దిగుతాయని తెలిసిన రోజు అక్క అన్నం ముట్టలేదు. అక్కడి సూపర్‌వైజరు మంచివాడే. సమాధి కంటికి కనబడితే దాన్ని వదిలి చుట్టూ పోతామనీ, కంపలో ఏముందో డ్రైవరుకు ఎలా తెలుస్తుందనీ కన్నడంలో నచ్చజెప్పాడు. అంటే మిషన్లు వచ్చేలోగా మేమే కంప కొట్టి బండను బయటపెట్టాలి. గొడ్డలి పట్టే కూలీలంతా అప్పటికే సోలార్ పనుల్లో చేరిపోయారు. ఇక మిగిలింది, బావ ఎప్పుడో హిందూపురంలో పాతది చూసి కొన్న పెట్రోలు రంపం ఒక్కటే.

బావ నీళ్ళ ఇంజన్ల కాలం మనిషి. చేన్లో ఇంజను వేడెక్కితే అది నడుస్తుండగానే దాని మీద తడిగోనె కప్పి, పక్కన కూర్చుని బీడీ ముట్టించడం ఆయనకు చిన్ననాటి అలవాటు. మొదటి రోజు నాలుగు కొమ్మలు కోయగానే రంపం సెగలు కక్కుతుంటే, దాన్ని ఆపకుండా మొద్దు మీద పెట్టి, ఎంతో ప్రేమగా తడిగోనె కప్పాడట. గాలితో చల్లబడే ఇంజనుకు గాలే ఆడకుండా చేస్తే ఇంకేముంది, పిస్టను సిలిండరును పట్టేసింది. దాన్ని ఒళ్ళో పెట్టుకొని బస్సులో మా ఇంటికి వచ్చాడు.

“జరమొచ్చిన బిడ్డికి తడిగుడ్డ యేసినట్ల యేసినాను బామ్మర్దీ, ఇట్లయితాదని నాకేం తెలుసప్పా,” అన్నాడు.

నెత్తికెక్కిన కోపం ఆయన ముఖం చూడగానే దిగిపోయింది. పైగా అక్క అన్నం ముట్టని సంగతి నా మనసులోనే ఉంది. అమ్మ బండ మీద చక్రాలు ఎక్కితే నేను ఏ ముఖంతో అమావాస్య చేస్తాననుకున్నాను. ఆ రంపం ఊరికే బాగైతే చాలదనీ, అసలు ఎన్నడూ కోయనంతగా కోయాలనీ అప్పుడే పట్టుబట్టాను. ఎందుకంటే మంచిగా ఉన్నప్పుడు కూడా అది ముదిరిన జాలి మొద్దులో సగం దిగి ఆగిపోయేది.

విప్పి చూస్తే సిలిండరు గోడకు పిస్టను కరిగి అంటుకొని ఉంది. బాత్రూములు కడిగే యాసిడ్‌ను దూదితో అద్ది అద్ది ఆ మరకను తినిపించి, సన్నరకం గరుకు కాగితంతో రుద్దాను. కొత్త పిస్టనూ రింగూ బెంగళూరు బస్సు డ్రైవరును బతిమాలి తెప్పించాను. తర్వాత నా సొంత తెలివి మొదలుపెట్టాను. సిలిండరు కింది గాస్కెటు తీసేసి, పలచగా సీలు జిగురు పూసి కూర్చోబెడితే లోపల ఒత్తిడి పెరిగి ఇంజనుకు బలం వస్తుంది. కానీ పిస్టను పైన కొట్టుకుంటే అంతా మట్టే. అందుకని ప్లగ్గు రంధ్రంలోంచి సోల్డరు తీగ దూర్చి, ఇంజను చేత్తో తిప్పి, నలిగిన తీగ మందం చూసి సందు ఉందని తేల్చుకున్నాకే బిగించాను. పొగ బయటికి పోయే కిటికీని సన్నని ఆకురాయితో కొంచెం కొంచెంగా వెడల్పు చేసి, రింగు తట్టుకోకుండా అంచులు నున్నగా తీశాను. సైలెన్సరు మూతి పెద్దది చేశాను. గొలుసు పళ్ళను గట్టి కట్టెకు తగ్గట్టు సాన పట్టాను. ఆయిలింజన్లు పోయాక నా చేతులకు పని దొరికింది అప్పుడే. ఆ రోజుల్లో నాకు ఆకలి తెలియలేదు.

మేము చేన్లో దిగిన పొద్దున తాడు లాగగానే అది ఊరంతా అదిరేలా లేచింది. కానీ చప్పుడు సన్నగా, కీచుగా ఉంది. ఎక్కువ గాలి పీలుస్తున్న ఇంజనుకు పెట్రోలు చాలడం లేదన్నమాట. అలాగే కోస్తే మళ్ళీ పట్టేస్తుంది. నేను ఆపి కార్బొరేటరు స్క్రూ తిప్పుతూ ఉంటే, వేడెక్కిందనుకొని బావ అప్పటికే గోనె తడుపుతున్నాడు.

“ఆ గోనె ముట్టుకుంటే చూడు! ఆడ పోయి కూసో!” అని అక్క దాన్ని లాక్కుని తానే దాని మీద కూర్చుంది.

ఆ తర్వాత రంపం గొంతు బరువుగా మారింది, నా మనసు కుదుటపడింది. జాలి మొద్దులు ఆగకుండా తెగుతుంటే, చెప్పుల్లోంచి ముళ్ళు దిగుతున్నా లెక్కచేయలేదు. అమ్మ పాత బావికీ గట్టుకూ మధ్య ఉందని తప్ప, సరిగ్గా ఎక్కడో ముగ్గురిలో ఎవరికీ గుర్తు లేదు. కాబట్టి కోస్తూ పోవడమే. బావ కంప లాగేవాడు, అక్క వంగి నేల చూసేది. మిషన్లు రావాల్సిన రోజుకు ముందు సాయంత్రం, రెండు పెద్ద జాలి మొద్దుల నడుమ, పక్కకు ఒరిగిన బండ కనబడింది. అక్క దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

“ఈడే ఉండావా అమ్మా,” అంది.

రంపం ఆపడం కూడా మరిచిపోయి ఏడ్చాను.

మిషన్లు మాట నిలబెట్టుకున్నాయి. ఇప్పుడు ఆ బండ పలకల వరసల మధ్య వదిలిన చిన్న జాగాలో ఉంది, ఏటా అమావాస్యకు గేటు తీసి మమ్మల్ని లోపలికి పంపుతారు. రంపం మా ఇంటి దూలానికి వేలాడుతోంది. కోయడానికి చుట్టుపక్కల జాలి ఏది? చెట్టు నీడ పలకల మీద పడకూడదట. జీవితమంతా ఇంజన్ల చప్పుడులో గడిపిన నాకు, చప్పుడే లేకుండా కరెంటు పుట్టే ఆ చోట నిలబడితే చెవులు ఏదో వెతుక్కుంటాయి. మొదటి ఏడు మేము మధ్యాహ్నం వెళితే బండ కాలిపోతోంది, పసుపు పెట్టబోయిన అక్క చెయ్యి చురుక్కుమంది. అంత పంతం పట్టి కోసిన ఆ దిక్కుమాలిన కంపే ఇన్నాళ్ళూ అమ్మకు నీడ పట్టిందని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి పొద్దు వాలేదాకా గేటు దగ్గర కూర్చుంటాం. పడమటి వరస నీడ మెల్లగా పాకుతూ బండ మీదికి వస్తుంది. అక్క అరచెయ్యి ఆనించి చూసి, నా వైపు తిరుగుతుంది.

“నీడొచ్చిందప్పా, ఇంగ అమ్మకు పెట్టు.”