ఎడమ పక్కకి పంపిన కార్డు

మొన్న అమీర్‌పేట మెట్రో మెట్ల కింద వాన తగ్గేదాకా నిలబడ్డాను. పక్కనే నలుగురు కాలేజీ పిల్లలు రంగురంగుల బొమ్మల కార్డులు చేతులు మార్చుకుంటూ వాదించుకుంటున్నారు. నా నోరు ఊరుకోదు కదా, కార్డులు ఏ పక్కకి పంపుతున్నారమ్మా అని అడిగాను. ఈవిడకెందుకో అన్నట్టు చూశారు. ఇలాంటి ఆటకి ఒకప్పుడు నేనూ రూల్సు రాశానని వాళ్లకేం తెలుసు!

అప్పుడు ఊరంతా సాఫ్ట్‌వేర్ జపమే. మధురానగర్ హాస్టల్లో మా గదికి అయిదు మంచాలు. అందరం అమీర్‌పేటలో టెస్టింగ్ నేర్చుకునేవాళ్లం, అంటే ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం. మాలో పెద్దది సిరిసిల్ల నుంచి వచ్చిన అక్క. నేను చేరిన మొదటి వారమే జ్వరంతో పడుంటే, క్లాసు మానేసి నా తల దగ్గర కూర్చుంది. అప్పట్నుంచి ఆవిడంటే నాకు ప్రాణం. మేం ఆడే కార్డులు మా గదిలోని కాకినాడ అమ్మాయివి. తమ్ముడు చదవడం లేదని వాళ్ల నాన్న లాక్కున్న పెట్టె ఆమె సూట్‌కేసులో మా గదికి చేరింది. ఒక్కో కార్డు మీద ఒక్కో వింత జంతువు, దాని బలం. అన్నిటికన్నా బలమైన మూడు తలల రాక్షసికి మేం పెట్టుకున్న పేరు వార్డెనమ్మ.

ఎవరు ఎవరి మీదైనా దాడి చెయ్యొచ్చు కాబట్టి పెద్దదాన్ని ఓడించాలని అందరూ కలిసి అక్క మీదే పడేవాళ్లు, ప్రతిసారీ ఆవిడే ఓడేది. బయట కూడా ఆవిడకి అదే గతి. పంజగుట్టలో నాలుగో ఇంటర్వ్యూలో కూడా తప్పిన శనివారం, ఎండలో నడుచుకుంటూ వచ్చి బ్యాగు సర్దేసింది. సోమవారం నాన్న వస్తాడని, ఆయనతో ఊరికి పోతానని చెప్పింది. ఒక్కసారి, ఒక్క ఆటైనా గెలిస్తే ఆగుతుందేమోనని నా ఇరవై రెండేళ్ల బుర్రకి తోచింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కొత్త పద్ధతి కాగితం మీద రాసి ప్రకటించాను. తలా పది కార్డుల కట్ట. ఒకటి ఉంచుకుని మిగతావి ఎడమ పక్కకి పంపాలి, కుడి పక్కనుంచి వచ్చిన కట్టలోంచి మళ్లీ ఒకటి, అలా అన్నీ అయ్యేదాకా. దాడి కూడా ఎడమ పక్క మనిషి మీదే. అందరికీ నచ్చింది. నా కట్టా నా దాడీ ఆవిడకే చేరేలా, నేను పనిగట్టుకుని అక్కకి కుడి పక్కన కూర్చున్నాను. నా మొదటి కట్టలోనే వార్డెనమ్మ! ఎందుకూ పనికిరాని కప్ప కార్డుని ఉంచుకుని, కట్ట అక్కకి అందించాను.

అక్క కట్ట విప్పింది. తర్వాత వార్డెనమ్మని అందరికీ కనపడేలా దుప్పటి మీద పెట్టింది.

“గిది నువ్వెట్ల ఇడిచిపెట్టినవ్?”

నేను కప్పని అరచేతి కింద దాచుకున్నాను.

“ఓడితే ఓడిపోత. జాలి పెడితే మాత్రం తినను. తీసుకో.”

నా కప్పని తను లాక్కుని, రాక్షసిని నా చేతిలో పెట్టింది. ఆట మొదలయ్యాక నేను వెనకాడినప్పుడల్లా నా మొహంలోకే చూసింది. ఎంత కోపమొచ్చిందో నాకు, ఆవిడ మీద, నా మీద, ఆ పంజగుట్ట ఆఫీసు మీద! చివరికి కళ్లు మూసుకుని వార్డెనమ్మని ఆవిడ మీదికి వదిలాను. అందరికన్నా ముందు అక్కే ఓడిపోయింది, నా చేతిలోనే.

అక్క లేచి బ్యాగు దగ్గరకు వెళ్లింది. అయిపోయింది, నేనే తరిమేశాననుకున్నాను. కానీ అక్క దాని పక్క జేబులోంచి పెన్ను తీసుకుని వచ్చి, నేను రూల్సు రాసిన కాగితం ముందు కూర్చుంది. ఒక రూలు కొట్టేసింది.

“నీ ఆటల తప్పుంది. నువ్వు నాకు మంచి కార్డిస్తే దెబ్బ నీకు కాదు, నా ఎడమ దిక్కున్న పిల్లకు పడ్తది. ఉత్తగనే వస్తే జాలి ఎవ్వరైనా పడ్తరు. కార్డులు కుడి దిక్కు పంపాలె, దాడి ఎడమ దిక్కు. ఇచ్చిన కార్డు నీ నెత్తి మీదికే రావాలె. వచ్చే ఆదివారం అట్ల ఆడుదాం, చూస్త ఎవ్వరు జాలి పడ్తరో.”

మిగతావాళ్లు రూలు గురించి వాదించుకుంటున్నారు. నాకు మాత్రం వచ్చే ఆదివారం అన్న మాట తప్ప ఇంకేమీ వినపడలేదు. సోమవారం వాళ్ల నాన్న వచ్చి, మెస్సులో ఉప్మా తిని, ఒక్కరే బస్సెక్కారు. అక్కకి ఉద్యోగం అంత తొందరగా ఏమీ రాలేదు. ఏళ్లు ఎన్నో ఇట్టే గడిచిపోయాయి గానీ, ఆవిడ మాకిచ్చిన ఆ ఒక్క వారమంత పొడుగు కాలం నేను మళ్లీ చూడలేదు.