ఆర్డిస్ ఉప్పు మోసిన చలికాలం

ఆర్డిస్ ట్వెయిట్‌తో నేను పదకొండేళ్లు దాణా కొట్టులో పనిచేశాను. పొట్టి మనిషి, మాటలు తక్కువ. తండ్రి నేర్పిన వేటను యాభై రెండేళ్లొచ్చినా మానలేదు. మా మోంటానాలో అదేం వింత కాదు. చలికాలమంతా ఇంట్లో మాంసం ఉండాలంటే మంచు పడకముందే కొండెక్కాలి.

మూడు వేటలకు ఆమెకు మూడు సంచులుండేవి. విల్లు పట్టుకుని ఎల్క్ దుప్పుల కోసం మూడేసి రోజులు కొండమీద గడపడానికి పెద్దది, మైదానంలో జింకలకు చిన్నది, గోధుమ పొలాల్లో పక్షులకు నడుముకు కట్టుకునేది. సామానేమో ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి మారుతూ ఉండేది.

ఒక సెప్టెంబరులో ఒంటరిగా వెళ్లి, మగ ఎల్క్‌ను ఒక్క బాణంతో పడగొట్టింది. కత్తి కోసం సంచి తడిమితే లేదు. ముందు వారం జింకల వేటకు తీసుకెళ్లిన చిన్న సంచిలోనే ఉండిపోయింది. మాంసం కట్టే గుడ్డ సంచులూ అందులోనే. బాణం మొనతో పొట్ట చీల్చి పేగులు తీయగలిగింది గానీ, గుర్రమంత జంతువును దాంతో ముక్కలు చేయడం ఆమె వల్ల కాలేదు. నాలుగు గంటలు నడిచి కిందికి దిగి, మర్నాడు తమ్ముడు లైల్‌ను వెంటబెట్టుకుని వచ్చేసరికి ఎండ మాడుస్తోంది. వెనక తొడలు రెండూ పాడైపోయాయి.

లైల్ ముక్కు మూసుకున్నాడు. "కత్తి లేకుండా వేటకొచ్చావా అక్కా? పెళ్లికూతుర్ని ఇంట్లో వదిలేసి పెళ్లికొచ్చినట్టుంది!"

ఆర్డిస్ వారం తర్వాత కొట్టులో మూటలు సర్దుతూ నాతో అంది: "ప్రాణం తీశాను. తినలేకపోయాను."

డిసెంబరులో పట్నం వెళ్లి, వేట సామాన్ల దుకాణంలో సంచులన్నీ దింపించింది. అమ్మేవాడు అన్నిటికన్నా పెద్దది ముందుకు తోశాడు.

"ఇది తీసుకోండమ్మా, ఎంత మాంసమైనా పడుతుంది."

"పడుతుంది సరే, మోసేది నువ్వా, నేనా?"

బండిలోంచి పశువులు నాకే ఉప్పుదిమ్మ తెచ్చింది. బరువు ఇరవైమూడు కిలోలు. దాన్ని ఒక్కో సంచిలో పెట్టుకుని దుకాణం మెట్లెక్కి దిగింది. జనం నిలబడి చూశారు. మూడు సంచులు భుజాల్ని కోశాయి. నాలుగోదానికి తేలికైన అల్యూమినియం చట్రం ఉంది. దాని నడుంపట్టీ ఆమె పొట్టి వీపుకు సరిపోయి, బరువంతా నడుం మీదికి దింపింది. దానికి సంచులు విప్పి మార్చుకోవచ్చు. చట్రానికీ సంచికీ మధ్య మాంసం పెట్టి బిగించుకోవచ్చు. ఆ చట్రం, దానికి ఒక చిన్న సంచి, ఒక పెద్ద సంచి తీసుకుంది. ఇంటికొచ్చి టార్పాలిన్‌తో జేబు కుట్టి, కత్తి, గుడ్డ సంచులు, తాడు, లైటు అందులో పెట్టి, ఆ జేబును చట్రానికే కట్టేసింది. పక్షులకు మాత్రం పాత నడుం సంచే. "పిట్టకు చట్రమెందుకు?" అంది.

ఆ చలికాలమంతా పనికి రాకముందే ఉప్పు మోస్తూ నీళ్లట్యాంకు గుట్ట ఎక్కింది. ఒక దిమ్మతో సులువుగానే ఎక్కి దిగేది. రెండో దిమ్మ పెట్టిన రోజు కుంటుతూ కొట్టుకొచ్చింది.

"ఎక్కగలను. దిగలేను," అంది.

మరుసటి సెప్టెంబరులో లోతైన లోయలో, ముందటేటి దానికన్నా పెద్ద మగ ఎల్క్ ముప్పై గజాల్లో నిలబడింది. లైల్ ఊళ్లో లేడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. విల్లు ఎక్కుపెట్టి, కాసేపు చూసి, మెల్లగా దించేసింది.

లైల్ తిరిగొచ్చి విని మండిపడ్డాడు. "పిచ్చా నీకు? మరి ఆ కొత్త చట్రం గోడకు తగిలించడానికా?"

"చట్రం మోస్తుందిరా, నా మోకాళ్లు మోయవు. నేను ఐదుసార్లు ఎక్కి దిగేలోపు మాంసం కుళ్లుతుంది. మళ్లీ ఆ వాసన చూడలేను."

నవంబరులో మంచు పడ్డాక, చట్రానికి చిన్న సంచి తగిలించి, తుపాకీతో తమ్ముడితో కలిసి వెళ్లింది. కలప బండ్ల దారికి దగ్గర్లో ఆడ ఎల్క్ దొరికింది. రెండో విడత మోతలో లైల్ పాత సంచి పట్టీ తెగింది. తొడ భుజాన వేసుకున్నాడు. రక్తం కాలర్‌లోకి కారుతుంటే తిట్టుకుంటూ నడిచాడు. ఆర్డిస్ ముందు నడుస్తూ కొమ్మలు పక్కకు పట్టుకుంది. పొద్దు వాలేసరికి మాంసమంతా బండిలో ఉంది. నాకూ ఒక ముక్క పంపింది.

ఇంకో ఏడేళ్లు అలాగే వేటాడింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక కొండలు మానేసి, ఇప్పుడు కుక్కతో గోధుమ పొలాల్లో తిరుగుతోంది.